మునిగిన యుద్ధనౌకలో ఎంతమంది ఉన్నారు?

1945 జులై 30, అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఫిలిప్పీన్ సముద్రంలో ఇండియానాపోలిస్ అనే అమెరికా క్రూయిజర్‌కి (ఒక రకం పెద్ద యుద్ధనౌక) రెండు టార్పెడోలు (నీళ్ల కింద దూసుకొచ్చే బాంబులు) తగిలాయి. పన్నెండు నిమిషాల్లో నౌక మునిగిపోయింది. అందులో 1,196 మంది ఉన్నారని, 317 మంది బతికారని డెబ్బై ఏళ్లకు పైగా రాస్తూ వచ్చారు. 2018లో అమెరికా నేవీ చరిత్ర విభాగం ఆ అంకెలు మార్చింది. నౌకలో ఉన్నది 1,195 మంది, బతికింది 316 మంది. తేడా ఒకే ఒక్క మనిషి. ఒక రేడియో టెక్నీషియన్‌కి ఆఫీసర్ శిక్షణకు రమ్మని ఉత్తర్వు రావడంతో నౌక బయల్దేరకముందే దిగిపోయాడు. పేరు మాత్రం లెక్కలో ఉండిపోయింది.

ఒక్కడి కోసం అంత వెతుకులాట అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం యుద్ధనౌకల గురించి చదివిన వాటిలో బాగా మనసుకు పట్టిన సంగతుల్లో ఇదొకటి. నేల మీద చనిపోయిన సైనికుడికి గొయ్యి ఉంటుంది, దాని మీద రాయి ఉంటుంది. అదీ లేకపోతే ఫలానా చోట పడిపోయాడని చెప్పే తోటివాడైనా ఉంటాడు. సముద్రంలో పోయినవాడికి చాలాసార్లు ఇవేవీ ఉండవు. మిగిలేది జాబితాలో ఒక పేరు. ఆ జాబితా తప్పయితే ఇక అతని ఆనవాలే లేదు.

జాబితాలు తప్పవడానికి కారణాలు మామూలువే. సిబ్బంది పట్టీ నౌకలోనే ఉంటుంది, మునిగితే దాంతో పాటే పోతుంది. ఒడ్డున ఆఫీసులో ఉన్న నకలు అప్పటికే పాతబడి ఉంటుంది. చివరి రేవులో ఒకడు జ్వరంతో ఆస్పత్రిలో ఉండిపోతాడు, ఇంకొకడు బదిలీ మీద ఎక్కుతాడు, వేరే నౌకలో చేరాల్సినవాడు దారి కలిసిందని ఇందులో వస్తాడు. పైగా యుద్ధనౌకలో నేవీ వాళ్లే ఉంటారని అనుకోకూడదు. 1941 నవంబరులో పోయిన ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీలో మృతులు 645 మంది. వాళ్లలో ఆరుగురు వైమానిక దళం వాళ్లు, నలుగురు క్యాంటీన్ నడిపే మామూలు పౌరులు. క్యాంటీన్ మనిషికి యూనిఫాం లేదు, ర్యాంకు లేదు. చావు మాత్రం ఫిరంగుల దగ్గర నిలబడ్డవాడిదే.

క్షణాల్లో వెయ్యిమంది

1941 మే 24 ఉదయం డెన్మార్క్ జలసంధిలో జర్మనీ నౌక బిస్మార్క్‌తో తలపడిన బ్రిటిష్ నౌక హుడ్ సుమారు మూడు నిమిషాల్లో మునిగిపోయింది. 1,418 మందిలో ముగ్గురే మిగిలారు. పావు కిలోమీటరు పొడవున్న నౌక అంత తొందరగా ఎలా పోతుందో అర్థం కావాలంటే ఇంకో పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

యుద్ధనౌక అనగానే ఇనుప కోట గుర్తొస్తుంది. నిజానికి అది మందుగుండు గిడ్డంగి కూడా. పెద్ద ఫిరంగి పేలాలంటే గుండు ఒక్కటే సరిపోదు. దాన్ని నెట్టడానికి కార్డైట్ అనే మందు కావాలి. బ్రిటిష్ నౌకల్లో దాన్ని పట్టు సంచుల్లో కూరేవాళ్లు. ఆ సంచుల గది నీటిమట్టం కంటే కింద ఉంటుంది. అక్కడి నుంచి లిఫ్టు లాంటి దాంట్లో పైన ఫిరంగి గదికి పంపుతారు. పై గదిలో నిప్పు పుడితే ఆ మంట అదే దారిలో కిందికి దిగకుండా మధ్యలో తలుపులు ఉంటాయి. ఆ తలుపులు మూసి ఉన్నంత వరకు ఒక ఫిరంగి గది పోయినా నౌక నిలబడుతుంది.

1916 మే 31న బ్రిటన్, జర్మనీ నౌకాదళాలు తలపడిన జట్లాండ్ యుద్ధంలో ఆ తలుపులు చాలాచోట్ల తెరిచే ఉన్నాయి. త్వరత్వరగా పేల్చాలన్నది అప్పటి బ్రిటిష్ బ్యాటిల్‌క్రూయిజర్ల (వేగంగా పోయే పెద్ద యుద్ధనౌకల) దళంలో పంతం. ప్రతిసారీ తలుపు తీసి మూయాలంటే వేగం తగ్గుతుంది. అందుకని తలుపులు తెరిచి ఉంచి, మందు సంచులు దారిలోనే పేర్చి పెట్టుకున్నారు. ఆ ఒక్క రోజు ఇండిఫాటిగబుల్‌లో 1,017 మంది, క్వీన్ మేరీలో 1,266 మంది, ఇన్విన్సిబుల్‌లో 1,026 మంది పోయారు. ఇండిఫాటిగబుల్ నుంచి బతికింది ఇద్దరు, ఇన్విన్సిబుల్ నుంచి ఆరుగురు. అదే యుద్ధంలో లయన్ అనే నౌకకీ సరిగ్గా అలాంటి దెబ్బే తగిలింది. దాని ఫిరంగి గదిలో ఉన్న మెరైన్ అధికారి ఫ్రాన్సిస్ హార్వీ ప్రాణం పోయేంత గాయంతో ఉండి కూడా కింది మందుగుండు గది తలుపులు మూసి నీళ్లతో నింపెయ్యమని ఆర్డర్ ఇచ్చాడు. ఆయన చనిపోయాడు, నౌక నిలిచింది. వెయ్యి మందికి పైగా బతకడానికీ చావడానికీ మధ్య ఉన్నది ఆ తలుపు, ఆ ఆర్డర్.

హుడ్ నిర్మాణం జట్లాండ్ నాటికి మొదలవుతూ ఉంది. ఆ దెబ్బ తిన్నాక డిజైన్‌లో ఉక్కు కవచం పెంచారు. అయినా పైనుంచి పడే గుండ్లను ఆపేంత మందం డెక్‌కి రాలేదు. దాన్ని పూర్తిగా బాగుచేయాలన్న ప్రణాళిక ఉండేది, ఈలోగా యుద్ధం వచ్చింది. వెనక భాగంలోని మందుగుండు గది పేలిపోవడమే కారణమని విచారణ తేల్చింది. బతికిన ముగ్గురిలో ఒకరైన టెడ్ బ్రిగ్స్ తర్వాత చెప్పిన ప్రకారం నీళ్లు ఆయన్ని కిందికి లాగేశాయి, ఇక అయిపోయిందనుకున్నాక ఉన్నట్టుండి పైకి నెట్టాయి. ముగ్గురూ చిన్న తెప్పలు పట్టుకుని ఉంటే ఎలెక్ట్రా అనే డిస్ట్రాయర్ (వేగంగా పోయే చిన్న యుద్ధనౌక) వచ్చి ఎక్కించుకుంది. ఆ ఎలెక్ట్రా సంగతి మళ్లీ వస్తుంది.

టార్పెడో దెబ్బ ఇంకో రకం. అది నౌక అడుగున పేలితే వాయువు బుడగలా ఉబ్బి నౌక నడుమును పైకి లేపుతుంది. బుడగ కూలగానే కింద ఆధారం పోయి, నౌక తన బరువుకు తానే విరిగిపోతుంది. పక్కన తగిలితే నీళ్లు ఒకవైపే నిండి ఒరిగిపోతుంది. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోకి మన ఐఎన్‌ఎస్ ఖుక్రీ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబ్‌మెరైన్ దెబ్బకు మునిగిన మొదటి యుద్ధనౌక అదే.

కొద్ది నిమిషాలంటే పైన డెక్ మీద ఉన్నవాడికి ఒక అర్థం, కింద ఇంజిన్ గదిలో ఉన్నవాడికి ఇంకో అర్థం. యుద్ధ సమయంలో నీళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి పాకకుండా తలుపులన్నీ బిగించేస్తారు. నౌకను కాపాడేది అదే, కింద ఉన్నవాడి దారి మూసేదీ అదే. నౌక ఒరిగితే నిచ్చెనలు అడ్డంగా పడిపోతాయి, గోడ నేలవుతుంది, కరెంటు పోతుంది. 1939 అక్టోబరు 14 తెల్లవారుజామున స్కాపా ఫ్లో రేవులో లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ టార్పెడో దెబ్బకు పదమూడు నిమిషాల్లో తలకిందులైంది. చాలామంది ఉయ్యాల పక్కల్లో నిద్రలో ఉన్నారు. మొత్తం 830 మందికి పైగా పోతే, అందులో వందకు పైగా పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు. అప్పట్లో బ్రిటిష్ నేవీ కుర్రాళ్లను ఆ వయసులోనే నౌకలెక్కించేది.

లోపల చిక్కుకున్నవాళ్లు వెంటనే పోతారనుకోవడం మనకు మనం చెప్పుకునే ఓదార్పు. పెర్ల్ హార్బర్ దాడిలో మునిగిన వెస్ట్ వర్జీనియాని 1942లో పైకి తెచ్చినప్పుడు నీళ్లు చేరని ఒక గదిలో ముగ్గురు నావికుల శవాలు దొరికాయి. వాళ్ల దగ్గర ఒక క్యాలెండర్ ఉంది. 1941 డిసెంబరు 7 నుంచి 23 దాకా తేదీలు కొట్టేసి ఉన్నాయి. పదహారు రోజులు. లోపలి నుంచి కొడుతున్న చప్పుడు పైన కాపలా ఉన్నవాళ్లకు వినపడేది, కోసి తీసే మార్గం లేకపోయింది. ఆ ముగ్గురి సమాధి రాళ్ల మీద మరణించిన తేదీ డిసెంబరు 7 అనే చెక్కారు.

2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో మునిగిన రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్‌లో 118 మంది ఉన్నారు. ముందు భాగంలో టార్పెడోలు పేలాయి. వెనక తొమ్మిదో గదికి చేరినవాళ్లు 23 మంది. వాళ్లలో ఒకరైన అధికారి ద్మిత్రి కొలెస్నికొవ్ జేబులో కాగితం దొరికింది. చీకటిగా ఉంది, తడుముకుంటూ రాస్తున్నానని అందులో ఉంది. ఇక్కడ ఎంతమందిమి ఉన్నామో రాశాడు, వాళ్ల పేర్లు రాశాడు. బయటికి దారి లేదని తెలిశాక ఆ అధికారి చేసిన పని హాజరు తీసుకోవడం. ఈ విషయం గురించి ఎప్పుడు రాసినా నాకు ఆ కాగితమే కళ్ల ముందుకొస్తుంది.

ఆగని నౌకలు

మునిగిన చోట ఇంకో నౌక ఉంటే కాపాడకుండా ఎలా వెళ్లిపోతుంది? ఈ చరిత్రలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. మానవత్వం లేక అని తేల్చెయ్యడం తేలిక, నిజం మాత్రం వేరు.

1914 సెప్టెంబరు 22న నెదర్లాండ్స్ తీరానికి దూరంగా మూడు పాత బ్రిటిష్ క్రూయిజర్లు వరసగా వెళ్తున్నాయి. యూ-9 అనే జర్మన్ సబ్‌మెరైన్ ముందు అబూకిర్‌ని కొట్టింది. మందుపాతర తగిలిందనుకుని హోగ్ దగ్గరికొచ్చి ఆగింది, నీళ్లలో ఉన్నవాళ్లను ఎక్కించుకుంటోంది. దాన్నీ కొట్టింది. తర్వాత క్రెస్సీ. గంటన్నర లోపు మూడూ పోయాయి, 1,459 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లాపాపలున్న రిజర్వు నావికులు చాలామంది, నౌకాదళ కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పదిహేనేళ్ల క్యాడెట్లు కూడా ఉన్నారు. సబ్‌మెరైన్ ఉన్నచోట పెద్ద నౌకలు ఆగకూడదని ఆ తర్వాత ఆదేశాలు వచ్చాయి. ఆగిన నౌక కదలని గురి. నలుగురిని ఎక్కించుకోబోయి నాలుగు వందల మందిని పోగొట్టుకోవచ్చు.

ఈ నియమం మనుషుల్ని ఎలా పిండేస్తుందో డోర్సెట్‌షైర్ కథలో కనిపిస్తుంది. హుడ్‌ను ముంచిన మూడు రోజులకు, మే 27న బిస్మార్క్ కూడా మునిగింది. 2,200 మందికి పైగా సిబ్బంది. వందలమంది నీళ్లలో ఈదుతున్నారు. బ్రిటిష్ క్రూయిజర్ డోర్సెట్‌షైర్ తాళ్లు వేసి వాళ్లను ఎక్కించుకుంటోంది. కాసేపు ముందు దాకా ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లే. ఇంతలో సబ్‌మెరైన్ కనిపించిందన్న అనుమానం వచ్చింది. నౌక కదిలిపోయింది. తాడు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. బిస్మార్క్ నుంచి మొత్తం బతికింది సుమారు 115 మంది.

ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 5న అదే డోర్సెట్‌షైర్ కార్న్‌వాల్ అనే ఇంకో క్రూయిజర్‌తో కలిసి శ్రీలంకకు దక్షిణాన జపాన్ విమానాల దాడిలో మునిగింది. రెండింటిలో 424 మంది పోయారు. 1,100 మందికి పైగా ఒక పగలు, ఒక రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా చమురు తెట్టు కట్టిన నీళ్లలో తేలుతూ గడిపారు. ఆఖరికి సొంత నౌకలు వచ్చి తీసుకెళ్లాయి. మన విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడింది వాళ్లు నీళ్లలో ఉన్న ఆ మర్నాడే.

ఇండియానాపోలిస్ విషయంలో మాత్రం నియమం అడ్డురాలేదు. నౌక రాలేదన్న సంగతే ఎవరూ గమనించలేదు. యుద్ధనౌకలు చేరినట్టు ప్రత్యేకంగా కబురు చేయాల్సిన పనిలేదని అప్పటి పద్ధతి. దాంతో రేవులో వాళ్లు వచ్చేసే ఉంటుందనుకున్నారు. సుమారు తొమ్మిది వందల మంది నీళ్లలోకి దూకారు. మూడున్నర రోజులు ఎండ, దాహం, ఉప్పునీళ్లు తాగి వచ్చిన పిచ్చి భ్రమలు, షార్కులు. ఆగస్టు 2న ఒక గస్తీ విమానం కింద చమురు తెట్టు చూసింది. వెతకడానికి పంపిన విమానం కాదు అది. రోజువారీ గస్తీలో యాదృచ్ఛికంగా చూసింది.

ఇంటికి చేరిన కబురు

ప్రభుత్వాలు ఇలాంటి కబురును దాచేవి. 1941 నవంబరు 25న మధ్యధరా సముద్రంలో బార్హమ్ అనే బ్రిటిష్ నౌక పక్కకు ఒరిగి పేలిపోయింది. పక్క నౌక మీద ఉన్న న్యూస్‌రీల్ కెమెరామన్ అదంతా తీశాడు. ఒరిగిన నౌక పొట్ట మీద చిన్న చిన్న చుక్కల్లా మనుషులు నడుస్తుంటారు, జారుతుంటారు. ఆ తర్వాత పొగ తప్ప ఏమీ కనపడదు. 862 మంది పోయారు. ఆ సంగతి జర్మన్లకు కచ్చితంగా తెలియదు కాబట్టి రెండు నెలలు బయటపెట్టలేదు. కుటుంబాలకు ఉత్తరాలు వెళ్లాయి, ఎవరికీ చెప్పొద్దన్న విన్నపంతో. కొడుకు పోయిన తల్లి ఇరుగుపొరుగుతో మామూలుగా మాట్లాడాలి. యుద్ధ అవసరం అర్థమవుతుంది, కానీ ఆ భారం మోసింది ఆ తల్లులే అని రాయకపోతే లెక్క పూర్తి కాదు. ఇండియానాపోలిస్ వార్త జపాన్ లొంగిపోయిన సంబరాల మధ్య విడుదలైంది. ఊరంతా డాన్సులు చేస్తున్న పూట 879 ఇళ్లలో చావు కబురు.

ఆ ఇళ్లకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. కెప్టెన్ చార్లెస్ మెక్‌వే బతికి బయటపడ్డాడు కాబట్టి ఆయన దొరికాడు. టార్పెడోలకు గురి కుదరకుండా మలుపులు తిప్పుతూ నడపలేదని, నౌకను ప్రమాదంలో పడేశాడని కోర్టు మార్షల్ చేశారు. నౌకను ముంచిన జపాన్ కమాండర్ హషిమోతోనే పిలిపించి సాక్ష్యం చెప్పించారు. మలుపులు తిప్పినా ఫలితం మారేది కాదని ఆయన చెప్పాడు. అయినా మెక్‌వేని దోషిగా తేల్చారు. శిక్ష రద్దు చేశారు గానీ మచ్చ ఉంచారు. మృతుల కుటుంబాల నుంచి ఏళ్ల తరబడి తిట్ల ఉత్తరాలు వచ్చాయి. 1968లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. బతికున్న నావికులు ఆయన కోసం దశాబ్దాలు పోరాడారు. 1990ల్లో హంటర్ స్కాట్ అనే స్కూలు కుర్రాడు ప్రాజెక్టు కోసం వాళ్లను కలిసి, విని, ఆ గొడవను అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ దాకా తీసుకెళ్లాడు. 2000లో కాంగ్రెస్ తీర్మానం చేసింది, 2001లో నేవీ ఆయన రికార్డు సరిదిద్దింది. పోయిన మనిషికి అది అందదు, నిజమే. కానీ తమ కెప్టెన్ పేరు బాగుపడితే తప్ప తోటివాళ్ల చావు కథ సరిగ్గా చెప్పినట్టు కాదని ఆ ముసలి నావికులు పట్టుబట్టారు. నేను వాళ్ల పక్షం.

ఖుక్రీ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి, నౌకతోనే ఉండిపోయారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. కెప్టెన్ నౌకతో పోవాలన్నది ఆచారమే తప్ప నియమం కాదు. ఆయన్ని తలుచుకునేటప్పుడు ఆయనతో పోయిన మిగతా 193 మంది పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఒక్క పేరు బాగా వెలిగితే పక్కనున్న పేర్లు కనపడకుండా పోతాయి. వీరగాథల్లో ఉన్న ఇబ్బంది ఇదే. డయ్యూలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద అద్దాల గదిలో ఖుక్రీ నమూనా ఉంది. అదే పేరుతో వచ్చిన రెండో ఖుక్రీ 2021 డిసెంబరులో విశాఖలో సేవ ముగించుకుంది. దాన్ని డయ్యూకి తరలించి మ్యూజియం చేశారు.

పేర్లు, ఇనుము

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ఈ సమస్యను తిన్నగా ఎదుర్కొంది. సమాధి లేని నావికుల కోసం పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాటమ్ రేవుల్లో ఒకే తీరు ఎత్తైన స్తంభాలు కట్టి పేర్లు చెక్కింది. సముద్రంలోంచి వచ్చే నౌకలకు అవి గుర్తులుగా కూడా పనికొచ్చేలా పెట్టారు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. చనిపోయినవాళ్ల పేర్లు బతికున్నవాళ్లకు దారి చూపిస్తున్నాయి.

అవిభక్త భారత నావికుల పేర్లు ముంబైలో ఉన్నాయి. మొదటి యుద్ధంలో సముద్రం తప్ప వేరే సమాధి లేని రెండు వేల మందికి పైగా నావికులను అక్కడ స్మరించుకున్నారు. రెండో యుద్ధానిదైతే ఒక పుస్తకం, ఆరు వేలకు పైగా పేర్లు. చిట్టగాంగ్‌లో దాని జంట ప్రతి ఉంది. వీళ్లలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే బ్రిటిష్ సరుకు నౌకల్లో బొగ్గు వేసిన, వంట చేసిన, డెక్ కడిగిన మన ఉపఖండం వాళ్లు. యుద్ధనౌకల కథల్లో వీళ్లు రారు, కానీ ఆ యుద్ధనౌకలకు చమురు, తిండి, గుండ్లు మోసింది వీళ్లెక్కిన నౌకలే. పెద్ద యుద్ధాల గురించి వందల పేజీలు చదివాక కూడా ఆ ఆరు వేల పేర్లలో ఒక్కటీ తెలియకపోవడం నన్ను బాధిస్తుంది.

పేరు రాతి మీద ఉంటే, మనిషి ఇనుములో ఉన్నాడు. ఇక్కడ చట్టం వస్తుంది. మునిగిన యుద్ధనౌక ఎన్నేళ్లయినా, ఏ దేశం నీళ్లలో ఉన్నా, సాధారణంగా అది ఏ దేశం జెండాతో నడిచిందో ఆ దేశానిదే. దొరికినవాడిది కాదు. బ్రిటన్ 1986లో, అమెరికా 2004లో వీటి రక్షణకు చట్టాలు చేశాయి. నీళ్ల కింది వారసత్వంపై యునెస్కో 2001 ఒప్పందం నూరేళ్లు దాటి మునిగి ఉన్నవాటికి వర్తిస్తుంది. దాని లెక్కన రెండో ప్రపంచ యుద్ధ నౌకలకు ఇంకా వయసు రాలేదు. ఇంతా చేసి, 1914లో పోయిన ఆ మూడు క్రూయిజర్ల శకలాలను తుక్కు హక్కుల కింద 1954లో బ్రిటిష్ ప్రభుత్వమే అమ్మేసింది. 1,459 మంది ఉన్న చోటును.

జావా సముద్రంలో జరిగింది అంతకంటే ఘోరం. 1942 ఫిబ్రవరి చివర అక్కడ మునిగిన డచ్ నౌకలు డి రూటర్, జావాల కోసం 2016లో డైవర్లు దిగితే సముద్రం అడుగున నౌక ఆకారంలో గుంతలు మాత్రమే మిగిలాయి. దొంగలు బార్జీల మీద క్రేన్లు తెచ్చి, ఇనుము, రాగి, కంచు కోసం నౌకల్ని మొత్తంగా ఎత్తుకుపోయారు. బ్రిటిష్ నౌకలు ఎక్సెటర్, ఎన్‌కౌంటర్ కూడా దాదాపు పోయాయి. హుడ్ నుంచి ముగ్గురిని కాపాడిన ఎలెక్ట్రా మునిగింది కూడా ఆ యుద్ధంలోనే. దాని శకలాన్నీ వదల్లేదు. ఆ తుక్కులో మనిషి ఎముకలు ఏమయ్యాయన్నది తలుచుకుంటేనే కడుపు తిప్పుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా రాయల్ ఓక్ దగ్గర ఏటా నేవీ డైవర్లు దిగి శకలం మీద కొత్త జెండా కడతారు. పెర్ల్ హార్బర్‌లో అరిజోనా నౌకలో పోయిన 1,177 మందిలో తొమ్మిది వందల మందికి పైగా ఇంకా లోపలే ఉన్నారు. ట్యాంకుల నుంచి చమురు చుక్కలు ఇప్పటికీ పైకి తేలుతుంటాయి. ఆనాడు బతికి, ముసలితనంలో చనిపోయిన నలభై మందికి పైగా నావికుల అస్థికలను వాళ్ల కోరిక ప్రకారమే డైవర్లు తీసుకెళ్లి ఆ శకలంలో ఉంచారు. చివరిసారి అలా జరిగింది 2019లో.

శత్రువు శకలం మాటేమిటి? 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 93 మందితో ఇప్పటికీ అక్కడే ఉంది. మన డిస్ట్రాయర్ రాజ్‌పుత్ దెబ్బకు పోయిందని మనవాళ్లు, లోపలి పేలుడు అని వాళ్లు, వాదన తెగలేదు. 2024లో మన నేవీ దాని ఆచూకీ తీసి, లోపలున్నవాళ్ల గౌరవం కోసం ముట్టుకోకుండా వదిలేసింది. గెలిచిన యుద్ధం గురించి గర్వపడటానికి ఇది అడ్డొస్తుందని నేననుకోను.

మళ్లీ సిడ్నీ దగ్గరికి. 1941 నవంబరు 19న జర్మన్ నౌక కోర్మొరాన్‌తో పోరాడి రెండూ మునిగాయి. జర్మన్లలో మూడు వందల మందికి పైగా బతికారు, సిడ్నీ నుంచి ఒక్కరూ రాలేదు. నౌక ఎక్కడుందో కూడా 2008 దాకా తెలియలేదు. 645 మందిలో దొరికింది ఒకే ఒక్క శవం. 1942 ఫిబ్రవరిలో క్రిస్మస్ ద్వీపానికి ఒక తెప్ప కొట్టుకొచ్చింది. దాంట్లో ఎండకు తెల్లబడిన బట్టల్లో ఒక నావికుడు. పేరు తెలియక పాత శ్మశానంలో పాతిపెట్టారు, కొన్నాళ్లకు ఆ చోటూ మరుగైంది. 2006లో వెతికి తీశారు, 2008లో పడమటి తీరంలోని జెరాల్డ్‌టన్‌లో సైనిక లాంఛనాలతో మళ్లీ పాతారు. ఆ ఊళ్లోనే 645 సీగల్ పక్షుల బొమ్మలతో గుమ్మటం కట్టిన స్మారకం ఉంది, సముద్రం వైపు చూస్తూ ఎదురుచూసే ఒక స్త్రీ విగ్రహం ఉంది. అతని పళ్లు, ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏని బంధువుల వంశవృక్షాలతో పోల్చుకుంటూ ఏళ్ల తరబడి పనిచేశారు. 2021 నవంబరు 19న, నౌక మునిగి సరిగ్గా ఎనభై ఏళ్లయిన రోజున పేరు చెప్పారు: థామస్ వెల్స్‌బీ క్లార్క్, బ్రిస్బేన్ కుర్రాడు. సిడ్నీలో చేరి నాలుగు నెలలైనా కాలేదు. చనిపోయేనాటికి ఇంకా ఇరవైల మొదట్లోనే ఉన్నాడు.